అంగడి ముందు అరుగు: ఒకే కప్పు కింది నగరాల్లో బహిరంగ స్థలం



ఈ స్మారకోపన్యాసం వాస్తుశిల్పి విక్టర్ గ్రూయెన్ జ్ఞాపకార్థం జరుగుతున్నది. ఆయన 1903లో వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అక్కడే భవన నిర్మాణం నేర్చుకున్నారు, సాయంత్రాలు రాజకీయ వ్యంగ్య నాటికల్లో వేషాలు కట్టారు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిన తర్వాత దేశం విడిచి న్యూయార్క్ చేరారు. మరుసటి ఏడాది ఫిఫ్త్ ఎవెన్యూలో ఒక తోలు సామాన్ల కొట్టుకు ఆయన గీసిన నమూనా పేరు తెచ్చింది. తలుపును కాలిబాట అంచున పెట్టకుండా లోపలికి జరిపి, ముందు చిన్న మంటపంలాంటి జాగా వదిలారు. దారిన పోయేవారు రద్దీ నుంచి పక్కకు తప్పుకొని, అద్దాల పెట్టెల్లోని సరుకు తీరిగ్గా చూసి, ఏమీ కొనకుండానే వెళ్ళిపోవచ్చు. తెలుగు ఊళ్ళలో ఇంటి ముందు అరుగు చేసే పని ఇదే. స్థలం ఇంటివారిది, కూర్చునే హక్కు బాటసారిది.

గ్రూయెన్‌ను ప్రపంచం షాపింగ్ మాల్‌కు ఆద్యుడని గుర్తుపెట్టుకుంది. చివరి రోజుల్లో ఆయనే ఆ పితృత్వాన్ని బాహాటంగా కాదన్నారు. 1968లో వియన్నాకు తిరిగి వెళ్ళి, 1980లో అక్కడే కన్నుమూశారు. ఆయన కోరినదొకటి, కట్టబడినదొకటి. ఆ రెంటి మధ్య దూరమే ఈ ఉపన్యాస విషయం.

ఇళ్ళు, బడి, పని, వైద్యం, సరుకు అన్నీ నడక దూరంలో, వీలైతే ఒకే కప్పు కింద ఇమిడే స్వయంసంపూర్ణ నగరం అమెరికాలో నూట ముప్పై ఏళ్ళకు పైగా ఊహల్లో ఉంది. ఆ ఊహలన్నిటిలోనూ కొట్లు ఉన్నాయి. కొట్టు ముందు మనిషి నిలబడే జాగా ఎవరిదన్న ప్రశ్న మాత్రం చాలావాటిలో లేదు. కప్పు ఎంత అందమైనదైనా, కింద నేల ఊరిది కాకపోతే అక్కడ కొనుగోలుదారులే ఉంటారు, పౌరులుండరు. ఈ మాటను కొన్ని మెట్లలో పరిశీలించాలి.

1. బెల్లమీ ఊహించిన హాలు

1888లో ఎడ్వర్డ్ బెల్లమీ రాసిన ‘లుకింగ్ బ్యాక్‌వర్డ్’ నవలలో 2000 సంవత్సరపు బోస్టన్ నగరం ఉంది. ఆ నగరంలో పోటీ దుకాణాలు లేవు. పేటకొక నమూనాల హాలు ఉంటుంది, ఏ ఇంటి నుంచైనా అది ఐదు పది నిమిషాల నడక. పెద్ద గోపురం, దాని కింద ఫౌంటెన్, చుట్టూ కుర్చీలు, సోఫాలు. ప్రతి వస్తువుకూ దేనితో తయారైందో, ధర ఎంతో చెప్పే చీటీ ఉంటుంది. గుమాస్తా సరుకును పొగడడు, కొనమని ఒత్తిడి చెయ్యడు. ఆర్డరు రాసుకుని గాలిగొట్టంలో వేస్తే అది కేంద్ర గోదాముకు చేరుతుంది, సరుకు ఇంటికి వస్తుంది. చెల్లింపు కార్డుతోనే, దాని పేరు కూడా ‘క్రెడిట్ కార్డు’. వాన పడితే కాలిబాటల మీదికి పొడుగునా ఒకే కప్పు దిగుతుంది, ఎవరి గొడుగు వారు పట్టుకోనక్కర్లేదు.

ఈ ఊహలో సగం నిజమైంది. ఆర్డరు, గోదాము, కార్డు, గుమ్మానికి వచ్చే పెట్టె ఈ సభలో అందరికీ నిత్యానుభవం. నిజం కానిది ఫౌంటెన్ చుట్టూ కుర్చీలు. బెల్లమీ బేరాన్ని, ప్రకటనను, పోటీని తీసేశారు గానీ ఇరుగుపొరుగు కలుసుకునే చోటును తియ్యలేదు. తర్వాతి కాలం ఆయన యంత్రాంగాన్ని తీసుకుని, కుర్చీలను వదిలేసింది.

ఆరేళ్ళ తర్వాత, 1894లో, కింగ్ క్యాంప్ జిలెట్ ‘ది హ్యూమన్ డ్రిఫ్ట్’ అనే పుస్తకంలో నయాగరా జలపాతం దగ్గర దేశ జనాభాలో అత్యధిక భాగం ఉండే ఒకే మహానగరాన్ని ప్రతిపాదించారు. జలపాతం కరెంటు ఇస్తుంది, ఉత్పత్తి, పంపిణీ అంతా ఒకే సంస్థ చూస్తుంది. తర్వాత గడ్డం గీసుకునే బ్లేడుతో ప్రసిద్ధుడైన జిలెట్ ఆయనే. నగరమంతటికీ ఒకే యజమాని అన్న ఆలోచన ఆయనకు వరంగా కనిపించింది. అదే ఏడాది షికాగో పక్కన అది మరోలా రుజువైంది.

2. పుల్‌మన్ పట్టణం

రైలు పెట్టెల తయారీదారు జార్జ్ పుల్‌మన్ 1880లో తన కార్మికుల కోసం షికాగో దక్షిణాన ఒక పట్టణం కట్టడం మొదలుపెట్టారు. వాస్తుశిల్పి సోలన్ బీమన్. ఊరి నడుమ ఆర్కేడ్ అనే పెద్ద భవనం. కొట్లు, బ్యాంకు, తపాలా కార్యాలయం, గ్రంథాలయం, నాటకశాల అన్నీ ఆ ఒక్క కప్పు కిందే. కూరగాయలకు, మాంసానికి వేరే మార్కెట్ హాలు. ఇటుక ఇళ్ళు, నీటి కుళాయిలు, పార్కులు ఉన్న ఆ ఊరిని చూడ్డానికి దూరదూరాల నుంచి జనం వచ్చేవారు. మిగతా చోట్ల కార్మికుల నివాసాలతో పోలిస్తే అవి ఆ కాలానికి చాలా మంచి ఇళ్ళు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

అయితే అక్కడ ఎవరికీ దేని మీదా హక్కు లేదు. ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది, వీధి కంపెనీది. గ్రంథాలయానికి రుసుము. ఆర్థికవేత్త రిచర్డ్ ఈలీ 1885లోనే పట్టణాన్ని చూసి, శుభ్రతను మెచ్చుకుంటూనే స్వపరిపాలన లేని ఊరు ప్రజాస్వామ్యానికి సరిపడదని రాశారు. 1893 ఆర్థిక మాంద్యంలో కంపెనీ జీతాలు తగ్గించింది, ఇంటి అద్దెలు మాత్రం తగ్గించలేదు. 1894 వేసవిలో సమ్మె రైల్వేలంతటా పాకింది. 1898లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు, రైలు పెట్టెలు తయారుచేసే కంపెనీకి పట్టణం నడిపే అధికారం లేదని, ఫ్యాక్టరీకి అక్కరలేని ఆస్తి అమ్మెయ్యాలని తీర్పు చెప్పింది. ఆర్కేడ్‌ను 1920లలో కూల్చేశారు. మిగిలిన ఊరు ఇప్పుడు జాతీయ చారిత్రక ఉద్యానం.

3. సౌత్‌డేల్: కోరినది, కట్టినది

1956 అక్టోబరు 8న మిన్నియాపొలిస్ పక్కనున్న ఈడైనాలో సౌత్‌డేల్ సెంటర్ తెరుచుకుంది. డేటన్ కంపెనీ కోసం గ్రూయెన్ రూపకల్పన చేసిన ఈ కట్టడం, పూర్తిగా కప్పు వేసి లోపలి వాతావరణాన్ని అదుపులో ఉంచిన మొదటి ఆధునిక షాపింగ్ మాల్. ఖర్చు 2 కోట్ల డాలర్లు. 72 కొట్లు, పోటీదారులైన రెండు డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఒకే కప్పు కింద. అప్పటికి అదొక వింత. మిన్నెసోటా చలికి, ఎండకి ఏడాదిలో బయట తిరుగుతూ కొనుక్కోదగ్గ రోజులు 126 అని ఆనాటి లెక్క. లోపల ఏడాది పొడుగునా 75 డిగ్రీల ఫారెన్‌హీట్. నడిమి ప్రాంగణంలో మొక్కలు, ఎత్తైన పక్షుల పంజరం, హ్యారీ బర్టోయా చేసిన లోహపు చెట్లు, కాఫీ తాగే బల్లలు ఉండేవి. బయట 5,200 కార్లకు చోటు.

గ్రూయెన్ దృష్టిలో ఇది సగం పని కూడా కాదు. 463 ఎకరాల స్థలంలో ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు, బడులు, వైద్య కేంద్రం, పార్కు, చెరువు ఉండాలి. మాల్ వాటి నడుమ ఊరి చౌకు కావాలి. వియన్నాలో కాఫీ దుకాణం, కూడలి, నాటకశాల కలిసి ఊరికి ఏమిచ్చేవో, కార్ల కోసం పరుచుకున్న అమెరికన్ శివార్లకు అది ఇవ్వాలని ఆయన తపన. కొట్టు ఆయనకు జనాన్ని పోగుచేసే సాధనం. పోగైన జనం ఒకరికొకరు ఏమవుతారన్నదే ఆయన అసలు ధ్యాస.

అది ఎందుకు జరగలేదు? మాల్ తెరవగానే చుట్టూ భూమి ధర పెరిగింది. పెరిగిన భూమిని చెరువుకో బడికో ఉంచడం కన్నా ముక్కలుగా అమ్మడం లాభం. పైగా 1954లో అమెరికా పన్ను చట్టం మారి, కొత్త వాణిజ్య భవనాల తరుగుదలను మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా చూపించుకునే వీలు ఇచ్చింది. దాంతో కొత్త షాపింగ్ సెంటర్ కట్టడం పన్ను ఆదా మార్గమైంది, శివారు పొలాల్లో మాల్స్ వరసగా లేచాయి. గ్రంథాలయం అద్దె కట్టదు, బల్ల అద్దె కట్టదు. మాల్ కట్టినవారంతా కప్పును, చల్లదనాన్ని, పార్కింగును అనుకరించారు. అద్దె రాని ప్రతిదాన్నీ తీసేశారు. ఇది దురాశ కథగా చెప్పడం తేలిక. నిజానికి ఇది లెక్కల పుస్తకం కథ, అందుకే మరింత గట్టిది.

ప్రారంభమైన ఏడాదే వచ్చి చూసిన వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆ ప్రాంగణాన్ని కటువుగా విమర్శించారు. కుటుంబానికి ఎకరం చొప్పున ఊరిని పరిచేసే బ్రాడేకర్ సిటీని 1930లలో ఊహించిన రైట్‌కు గుంపుగా ఉండే ఊరి మీదే నమ్మకం లేదు. గ్రూయెన్‌కు ఉంది. ఆయన 1956లోనే టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ నడిబొడ్డును చుట్టూ రింగురోడ్డు, అంచున పార్కింగ్ భవనాలు, లోపల కాలినడక మాత్రమే ఉండేలా మార్చే ప్రణాళిక ఇచ్చారు. అది కాగితం మీదే ఆగిపోయింది. 1959లో మిషిగన్‌లోని కలమజూలో, 1964లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో కార్లు లేని బజారు వీధులు ఆయన ఆలోచనతోనే వచ్చాయి. ఫ్రెస్నో వీధిని 2017లో మళ్ళీ కార్లకు తెరిచారు.

సౌత్‌డేల్ ఆవరణలోకి అపార్ట్‌మెంట్లు 2010 తర్వాత వచ్చాయి. మూతపడ్డ ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ స్థానంలో 2019లో పెద్ద వ్యాయామశాల వచ్చింది. గ్రూయెన్ అడిగిన మిశ్రమ ఊరు అరవై ఏళ్ళు ఆలస్యంగా, అద్దెలు పడిపోయాక మొదలైంది.

4. డిస్నీ, సొలేరి, విటియర్

వాల్ట్ డిస్నీ దగ్గర గ్రూయెన్ 1964లో రాసిన ‘ది హార్ట్ ఆఫ్ అవర్ సిటీస్’ పుస్తకం ఉండేది. 1966 అక్టోబరులో చిత్రీకరించిన ఒక ఫిల్ములో డిస్నీ ఫ్లోరిడాలో కట్టదలచిన ఎప్‌కాట్ నగరాన్ని వివరించారు. ఇరవై వేల మంది నివాసులు. నడుమ 50 ఎకరాల వాణిజ్య కేంద్రం, మొత్తానికి కప్పు. ప్రపంచ దేశాల వీధులను తలపించే కొట్ల వరసలు, నాటకశాలలు, భోజనశాలలు, వాటి మీద ముప్పై అంతస్తుల హోటలు. కార్లు, లారీలు భూమి కింద. పైన నడిచేవారికి అడ్డొచ్చే బండి ఒక్కటీ లేదు.

గ్రూయెన్ కోరిన వృత్తాకార నగరం ఇది. కాని డిస్నీ ఆలోచనలో ఇళ్ళన్నీ అద్దెకే. భూమికి సొంతదారులుండరు, కాబట్టి ఓటుతో నడిపే అధికారమూ ఉండదు. పని చేసేవారే ఉంటారు, విశ్రాంత జీవులుండరు. ఇక్కడ శ్రోతలు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ముసలివారు లేని వీధిలో పగటిపూట బల్ల మీద కూర్చునేదెవరు? డిస్నీ 1966 డిసెంబరు 15న మరణించారు, నగరం ఆగిపోయింది. 1982 అక్టోబరు 1న ఎప్‌కాట్ పేరుతో తెరుచుకున్నది టికెట్టు కొని చూసే పార్కు. దేశదేశాల కొట్లు అక్కడ నిజంగానే ఉన్నాయి, సాయంత్రానికి అందరూ బయటికి వెళ్ళిపోతారు.

1960లలోనే మిన్నెసోటాలో శాస్త్రవేత్త అథెల్‌స్టన్ స్పిల్‌హౌస్ రెండున్నర లక్షల మందికి ఒక ప్రయోగాత్మక నగరం ప్రతిపాదించారు. రాష్ట్ర శాసనసభ 1971లో దానికొక అథారిటీని ఏర్పరచింది. ఎంపికైన చోటి గ్రామస్తులు ఎదురు తిరగడంతో 1973లో అది ముగిసింది. అక్కడ ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో వారిని ఎవరూ అడగలేదు.

ఇటలీ నుంచి రైట్ దగ్గర పనిచేయడానికి వచ్చి అరిజోనాలో స్థిరపడిన పావొలో సొలేరి దారి వేరు. 1969లో ‘ఆర్కాలజీ’ అనే పెద్ద పుస్తకంలో వాస్తును, పర్యావరణాన్ని కలిపి, నిలువుగా దట్టంగా లేచే నగరాలు గీశారు. 1970లో ఫీనిక్స్‌కు ఉత్తరాన సుమారు 70 మైళ్ళ దూరంలో ఆర్కోసాంటి మొదలైంది. ఐదు వేల మందికని ఉద్దేశించిన ఊరిలో ఏ కాలంలోనైనా ఉన్నది పదుల నుంచి నూటయాభై లోపు మనుషులు. అయినా అక్కడి ‘వాల్ట్స్’ చూడదగ్గది. రెండు పెద్ద కాంక్రీటు కమాన్ల కింద తెరుచుకున్న నీడ అది. సభ, సంగీతం, భోజనం, ఊరికే కూర్చోవడం, ఏదైనా అక్కడే. ఎడారి ఎండకు తలుపుల్లేని కప్పు సరైన జవాబు. లోటు మరోచోట ఉంది. ఆర్కోసాంటిలో కొట్టు సందర్శకులకు కంచు గంటలు, మట్టి గంటలు అమ్మి ఊరిని పోషిస్తుంది. ఉప్పు, పప్పు కావాలంటే నివాసులు బయటికి పోవాలి. బహిరంగ స్థలం ముందు కట్టి అంగడిని తర్వాతకి వదిలితే ఊరు పెరగదు.

ఎవరూ ఊహించకుండా నిజమైన నగరం అలాస్కాలోని విటియర్. సైన్యం కోసం కట్టి 1957లో పూర్తయిన 14 అంతస్తుల బెగిచ్ టవర్స్‌లో ఊరిలో చాలామంది నివాసం. 2020 జనగణనలో ఊరి జనాభా 272. తపాలా, కిరాణా, క్లినిక్కు, లాండ్రీ, ప్రార్థనా స్థలం అన్నీ భవనంలోనే, బడికి సొరంగం దారి. ఈ టవర్లో పెద్ద ప్రాంగణం లేదు, ఫౌంటెన్ లేదు. తపాలా పెట్టెల దగ్గర, కిరాణా కొట్టు గుమ్మం దగ్గర, లిఫ్టు ముందు ఊరు కలుస్తుంది. ఏ వాస్తుశిల్పి లెక్కకూ రాని మూలలివి. మంచు తుఫాను రోజుల్లో ఊరిని నిలబెట్టేవి ఇవే.

5. నేల ఎవరిది

అమెరికన్ న్యాయస్థానాలు ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నాయి. అలబామాలోని చికసా అనే ఊరు ఓడలు కట్టే కంపెనీది. అక్కడి కొట్ల వరస ముందు, తపాలా ఆఫీసు దగ్గర కాలిబాట మీద మత కరపత్రాలు పంచిన గ్రేస్ మార్ష్ అనే మహిళపై అతిక్రమణ కేసు పెట్టారు. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. యజమాని తన ఆస్తిని ప్రజల వాడుకకు ఎంతగా తెరిస్తే, అతని హక్కులు ప్రజల రాజ్యాంగ హక్కులకు అంతగా లోబడతాయన్నది జస్టిస్ హ్యూగో బ్లాక్ రాసిన తీర్పు సారం. అరుగు ధర్మం చట్టంలోకి వచ్చిన సందర్భం అది.

1968లో కోర్టు ఈ సూత్రాన్ని షాపింగ్ సెంటర్లకూ వర్తింపజేసింది. 1972లో వెనక్కి తగ్గింది, 1976లో పూర్తిగా వదిలేసింది. మాల్ ఊరు కాదు, ప్రైవేటు ఆస్తి అన్నది స్థిరపడింది. 1980లో కాలిఫోర్నియాలోని ప్రూన్‌యార్డ్ కేసులో ఒక వెసులుబాటు దొరికింది. రాష్ట్ర రాజ్యాంగం కోరితే మాల్‌లో సంతకాలు సేకరించే హక్కు ఇవ్వవచ్చని. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1994లో ఆ దారి పట్టింది. పెన్సిల్వేనియా 1986లో, మిన్నెసోటా 1999లో ఒప్పుకోలేదు. కాబట్టి ఈ రోజు న్యూజెర్సీ మాల్‌లో రాజకీయ కరపత్రం పంచవచ్చు, డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలో అడుగుపెడితే ఆ హక్కు లేదు. మిన్నెసోటా కేసు మాల్ ఆఫ్ అమెరికా గురించి. 1996లో అక్కడ శుక్ర, శనివారాల సాయంత్రాలు పదహారేళ్ళలోపు పిల్లలు పెద్దవారి తోడు లేకుండా ఉండకూడదన్న నియమమూ వచ్చింది. ఊరి వీధిలో పెట్టడానికి ఎంతో చర్చ జరగవలసిన నియమం, ఆస్తి యజమాని ఒక్క నిర్ణయంతో అమలయింది.

మిన్నియాపొలిస్‌లో 1962 నుంచి భవనాలను కలుపుతూ వచ్చిన గాజు వంతెనల దారుల సంగతీ ఇంతే. మైళ్ళ పొడుగున చలి తగలకుండా నడవచ్చు, కాని ఏ వంతెన ఎప్పుడు మూతపడుతుందో ఆయా భవనాల ఇష్టం. కొట్లు పైకి ఎక్కాక కింద వీధి పలచబడింది.

స్వయంసంపూర్ణ నగరంలో బయటి వీధి అంటూ ఉండదు. మాల్ నుంచి గెంటేస్తే కాలిబాట మీద నిలబడవచ్చు. ఊరంతా మాల్ అయితే ఎక్కడ నిలబడాలి?

6. కూర్చునే చోటు

న్యూయార్క్ 1961లో ఒక నిబంధన పెట్టింది. భవనం ముందు ప్రజలకు ఒక చదరపుటడుగు ప్లాజా వదిలితే, పైన పది చదరపుటడుగులు అదనంగా కట్టుకోవచ్చు. ప్లాజాలు చాలా వచ్చాయి, వాటిలో చాలావాటిలో మనుషులు లేరు. విలియం హెచ్. వైట్ కెమెరాలు పెట్టి ఏళ్ళ తరబడి పరిశీలించి, 1980లో పుస్తకంగా, చిత్రంగా ఇచ్చిన ఫలితం ఎంతో సులువైనది. కూర్చోవడానికి చోటున్న దగ్గర మనుషులు కూర్చుంటారు. జరుపుకునే కుర్చీలు, నీడ, దగ్గర్లో తినేదేదైనా, వీధి కనపడే చూపు ఉంటే చాలు. ఆయన కృషితో 1975లో నిబంధన మారింది. ప్రతి 30 చదరపుటడుగుల ప్లాజాకు ఒక అడుగు పొడవు కూర్చునే జాగా ఉండాలన్నారు.

అదే 1975లో నాసా ఏమ్స్ కేంద్రంలో వేసవి అధ్యయన బృందం అంతరిక్షంలో పదివేల మంది ఉండే చక్రాకార నివాసాన్ని రూపొందించింది. స్టాన్‌ఫర్డ్ టోరస్ అని దానికి పేరు. భూమికి దూరంగా తిరిగే ఆ ఊరిలో కొట్లకు తలకు 2.3 చదరపు మీటర్లు, వెయ్యిమందికి పది కొట్లు. బహిరంగ స్థలానికి తలకు 10 చదరపు మీటర్లు. అంటే మొత్తం వంద కొట్లు, ఒక్కొక్కటి సగటున 230 చదరపు మీటర్లు. బహిరంగ స్థలం ఇంచుమించు 25 ఎకరాలు. కొట్లకు నాలుగింతలకు మించి ఊరుమ్మడి స్థలం ఉంచాలని ఆ ఇంజనీర్లు గ్రహించారు. సామగ్రిలో అత్యధిక భాగం చంద్రుడి నుంచి తెప్పించవలసిన చోట కూడా దాన్ని తగ్గించలేదు. భూమి మీద కడుతున్న టౌన్‌షిప్పులకు ఇది సిగ్గు కలిగించాలి.

ఈ సభలో ఉన్నవారికి ఈ లెక్క ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. సందర్శక వీసా మీద ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు న్యూజెర్సీలోనో, టెక్సస్‌లోనో పెద్ద ఇంట్లో పగలంతా తలుపులు వేసుకుని ఉంటారు. కారు నడపరు. నడిచి చేరే కొట్టు లేదు, కొట్టు ముందు కూర్చునే బల్ల లేదు. ఇండియన్ గ్రోసరీకి శనివారం వెళితే, నోటీసు బోర్డు దగ్గర సంగీతం క్లాసు చీటీలు చదువుతూ, బండి తోసుకొస్తున్న మరో తెలుగు ముఖం కనబడగానే “మీదే ఊరండీ?” అని పలకరించే ఐదు నిమిషాలే ఆ వారానికి వాళ్ళ ఊరు. గుడి క్యాంటీను ఇంకొక చోటు. ఇవి ఏ నగర ప్రణాళికలోనూ లేవు, మనుషుల అవసరమే వీటిని పుట్టించింది. స్వయంసంపూర్ణ నగరం ఎవరికోసమన్న ప్రశ్నకు మొదటి జవాబు ఈ పెద్దవాళ్ళు, స్టీరింగు అందని పిల్లలు.

7. అద్దె, వయసు, అధికారం

నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ 1961లో చెప్పిన ఒక విషయం భవిష్యత్ నగరాల రూపకర్తలు సాధారణంగా మరిచిపోతారు. కొత్త వ్యాపారానికి పాత భవనం కావాలి. పాతదానికే తక్కువ అద్దె. ఒకేసారి కట్టిన ఊరిలో భవనాలన్నీ ఒకే వయసువి, అద్దెలన్నీ ఒకే ఎత్తులో. కాబట్టి గొలుసు దుకాణాలే వస్తాయి. బ్లౌజులు కుట్టే ఆవిడకు, తాళంచెవులు చేసేవారికి, మిర్చిబజ్జీ బండికి 230 చదరపు మీటర్లు అక్కర్లేదు, పదోవంతు చాలు. ఊరు మొదటి రోజు నుంచే కొన్ని కొట్లను చిన్నవిగా, గోడలు కూడా పూర్తిచెయ్యకుండా, నామమాత్రపు అద్దెకు ఉంచాలి. 2023లో అరిజోనాలోని టెంపీలో నివాసులు ప్రవేశించిన కల్‌డెసాక్ అనే 17 ఎకరాల పేటలో ఈ ప్రయత్నం ఉంది. అద్దెకున్నవారికి కారు పార్కింగు లేదు, గుమ్మం ముందు ట్రామ్ ఆగుతుంది, చిన్న చిన్న కొట్లకు జాగాలున్నాయి. అక్కడా యజమాని ఒక్కరే. అది ఎలా సాగుతుందో కాలం చెప్పాలి.

వర్జీనియాలోని రెస్టన్ మరో పాఠం. రాబర్ట్ ఇ. సైమన్ కార్నెగీ హాల్ అమ్మిన డబ్బుతో 1961లో 6,750 ఎకరాలు కొని ఊరు కట్టారు. లేక్ యాన్ చెరువు గట్టున అర్ధచంద్రాకారపు చౌకు, కింద కొట్లు, పైన ఇళ్ళు. వ్యాపారపరంగా నష్టం వచ్చి 1967లో ఆయన్ని పెట్టుబడిదారులు తప్పించారు. చౌకు మాత్రం నిలిచింది. కొట్లు మారిపోయాయి, చౌకులో సంత నడుస్తోంది. హైదరాబాదులో పత్తర్‌గట్టీ ఇంతకన్నా పాతది. 1908 మూసీ వరదల తర్వాత ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి కమాన్ల వరస అది. కొట్టు ఎవరిదైనా, కమాను కింద నీడదారి ఊరిది. ఒకరి తర్వాత ఒకరు ఎందరు వ్యాపారులు మారినా దారి హక్కు మారలేదు. కోకాపేటలో ఈనాడు లేస్తున్న ఆకాశహర్మ్యాల ఆవరణల్లో క్లబ్‌హౌస్, సూపర్‌మార్కెట్, జిమ్ము అన్నీ ఉన్నాయి. గేటు దగ్గర కాపలావాడూ ఉన్నాడు. అలాంటి ఆవరణలు పెరిగేకొద్దీ, వాటి నడుమ మిగిలే రోడ్డే అందరిదీ అవుతుంది.

కప్పు కింది నేల ఊరిదిగా ఉండడానికి కావలసిన షరతులు కఠినమైనవేమీ కావు. నడిమి చౌకు, దానికి చేరే దారులు పట్టణ సంస్థ పేర రిజిస్టరు కావాలి, డెవలపరు పేర కాదు. కప్పు నిర్వహణ ఖర్చు కొట్ల అద్దె నుంచి రావచ్చు గానీ తెరిచే వేళలు నిర్ణయించేది ఎన్నికైన వారు కావాలి. తపాలా, క్లినిక్కు, గ్రంథాలయం, మరుగుదొడ్డి కొట్ల వరసలోనే ఉండాలి. కొట్లలో కొంత భాగం అందులో వ్యాపారం చేసేవారికే సొంతం కావాలి, పుల్‌మన్ పాఠం అదే. పిల్లలకు, వృద్ధులకు వేరే నియమాలుండకూడదు.

అమెరికా పట్టణాల్లో ప్లానింగ్ బోర్డు విచారణలు బహిరంగంగా జరుగుతాయి. అక్కడ మాట్లాడటానికి ఇంజనీరు కానక్కర్లేదు, పౌరసత్వమూ అడగరు. చాలా చోట్ల ఆ గదుల్లో ఖాళీ కుర్చీలే ఎక్కువ. మీ ఊళ్ళో కొత్త టౌన్ సెంటర్ నమూనా ఈసారి వచ్చినప్పుడు దయచేసి వెళ్ళండి. చౌకు ఎవరి పేరున ఉంటుందో, బల్లలు ఎన్ని పెడుతున్నారో, అతి చిన్న కొట్టు ఎంత, దాని అద్దె ఎంత అని అడిగి, జవాబులు రికార్డులో రాయించండి.